వాసన చెప్పే మనిషి

కళ్ళద్దాల దుకాణంలో ఆమెను అందరూ స్క్రూ అక్క అంటారు. ఫ్రేముల్లో అద్దాలు బిగించడం, వదులైన కాడలు సరిచేయడం ఆమె పని. ఆవగింజలో సగం కూడా ఉండని మరను తడి వేలికి అంటించుకుని, రంధ్రంలో నిలబెట్టి, ఊపిరి బిగపట్టి తిప్పుతుంది. "ఎవరికైనా స్క్రూ లూజనిపిస్తే అక్క దగ్గరికి పంపండి" అని కంటి పరీక్ష చేసే అతను రోజుకొకసారైనా అంటాడు. ఆమె రోజూ నవ్వుతుంది. జోకు పాతబడి చాలా ఏళ్ళయింది కానీ, నవ్వడం మానేస్తే అతను నొచ్చుకుంటాడు.

ఆ ఏడు వానల్లో ఆమెకు జ్వరం వచ్చింది. తగ్గింది కూడా. అయితే వెళుతూ వెళుతూ వాసనను వెంట తీసుకుపోయింది. ముందు ఆమెకు ఆ సంగతి తెలియలేదు. కాఫీ వేడినీళ్ళలా ఉంటే పొడి పాతదైపోయిందనుకుని కొత్త డబ్బా విప్పింది. అదీ అలాగే ఉంటే కొట్టువాడితో తగాదా పడి వచ్చింది. తర్వాత సబ్బు, ఉల్లిపాయ, వానలో తడిసిన చెప్పులు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, మంచం మీద కూలబడింది.

"నరం దెబ్బతింది. మళ్ళీ చిగురించొచ్చు, చిగురించకపోవచ్చు" అన్నాడు డాక్టరు. "రోజూ ఘాటైన వాసనలు చూస్తూ ఉండండి. లవంగం, నిమ్మ తొక్క, దాల్చినచెక్క, వెనిల్లా. ఏమీ తెలియకపోయినా సరే, అది ఎలా ఉండేదో గుర్తు చేసుకుంటూ పీల్చాలి."

"ఎన్నాళ్ళు చేయాలండీ?"

"మొక్కకు నీళ్ళు పోసేవాళ్ళు ఎన్నాళ్ళని అడగరు కదమ్మా."

ఆదివారం చెల్లెలు ఫోన్ చేస్తే చెప్పింది. ఇద్దరూ పెళ్ళి ఊసే లేకుండా ఆ రెండు గదుల ఇంట్లో ఇరవై ఏళ్ళు కలిసి ఉన్నారు. నిరుడు, నలభై ఆరేళ్ళ వయసులో, చెల్లెలు తన ఆఫీసులోనే ఒకాయన్ని పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయింది. మంచి మనిషి. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉంటే కొంత బాగుండేది.

"ముక్కుసూటి మనిషివి, ఆ ముక్కుకే వచ్చిందా?" అంది చెల్లెలు.

"వదినగారూ, ఒకందుకు మంచిదే. మీ చెల్లెలి వంట మీరిప్పుడు హాయిగా తినొచ్చు" అని పక్క నుంచి మరిది గొంతు వినిపించింది. అటువైపు ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులు అయ్యేదాకా ఆమె ఫోన్ పట్టుకుని కూర్చుంది.

సీసాల మూతలు తీసి పీలుస్తూ కూర్చుంటే, చూసేవాళ్ళెవరూ లేకపోయినా పిచ్చిదానిలా అనిపించేది. అందుకని ఓవెన్ కొంది. ఇల్లంతా వాసన నిండితే ఎటు తిరిగినా పీల్చక తప్పదు, చేతికీ పని ఉంటుంది అనుకుంది. వంటింటి ప్లగ్గు ఆ బరువు మోయదన్నాడు ఎలక్ట్రీషియన్. చెల్లెలి గదిలో పెద్ద ప్లగ్గు ఉంది. దాని కింద చెల్లెలు వదిలేసి వెళ్ళిన అద్దం బల్ల. ఓవెన్‌ను దాని మీదే పెట్టించింది. కేకు ఉడుకుతున్నంతసేపూ అద్దంలో ఓవెన్ వీపు, దాని పైన తన ముఖం కనిపించేవి.

మొదటి కేకు మధ్యలో కుంగిపోయింది. రెండోది పైకి బానే ఉన్నా, కోస్తే లోపల పచ్చిగా కారింది. మూడోదాన్ని దుకాణానికి తీసుకెళ్ళింది.

"అక్కా, ఇది తినాలా, తలుపుకు అడ్డం పెట్టుకోవాలా?" అన్నాడు కంటి పరీక్షతను.

"నీ పళ్ళు గట్టివో కాదో చూద్దామని తెచ్చా. కళ్ళు ఎలాగూ అంతంతమాత్రమే."

ఓనరు కూడా నవ్వాడు. అందరూ తలో ముక్క తిన్నారు. ఆమె అడగదలచుకున్నది ఒక్కటే. "వాసన ఎలా ఉంది?"

"బాగుందక్కా."

"బాగుందంటే?"

"బాగుందంటే... బాగుంది. కేకు వాసన."

పట్టువదలకుండా నేర్చుకుంది. పిండి, పంచదార త్రాసులో తూచేది. గుడ్లు చల్లగా ఉంటే వెన్న విరిగిపోతుందని వాటిని ముందే బయట పెట్టేది. పైభాగం రంగు తిరగగానే పుల్ల గుచ్చి, దానికి ఏమీ అంటకపోతే దించేది. వానలు ఆగి చలి మొదలయ్యేసరికి కేకు గుండ్రంగా, బుగ్గలా పొంగడం మొదలుపెట్టింది. నోట్లో పెట్టుకుంటే మాత్రం తీపి, మెత్తదనం, అంతే. నిమ్మ వేసినా దాల్చినచెక్క వేసినా రెండూ ఒకటే. తను చేసింది ఏమిటో తనకే తెలియదు. ఉత్తరం రాసి చదువుకోలేని మనిషిలా ఉంది ఆమె పని. ఆ వాసన ఎలా ఉందో మాటల్లో చెప్పేవాళ్ళు ఒక్కరుంటే చాలనిపించేది.

ఒక ఆదివారం చెల్లెలి ఫోన్ మాటల్లో పడి, కేకు దించే వేళకని పెట్టుకున్న అలారం గంట విననేలేదు. తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. తీస్తే ఎదురింటి అమ్మాయి. చంకలో ఆరు నెలల పాప, కాళ్ళకు చెప్పులు కూడా లేవు. ఆ ఇంట్లో దిగి ఏడాది కావొస్తోంది కానీ మెట్ల మీద ఎదురైతే నవ్వుకోవడమే తప్ప మాటల్లేవు. వాళ్ళ తలుపుకు ఎప్పుడూ ఒక కాగితం అంటించి ఉంటుంది. 'పాప నిద్రపోతోంది. బెల్ కొట్టొద్దు.'

"ఆంటీ, మీ ఇంట్లో ఏదో మాడిపోతోంది."

"అవునా?" అంది ఆమె.

ఆ 'అవునా' విని ఆ అమ్మాయి బిత్తరపోయి, ఆమెను దాటుకుని లోపలికి పరిగెత్తింది. ప్లగ్గు పీకేసింది. కిటికీలు తెరిచింది. గ్యాస్ పొయ్యి దగ్గరికి వెళ్ళి వంగి చూసి వచ్చింది. అప్పుడు గానీ నిలబడి ఊపిరి తీసుకోలేదు.

"నాకు ముక్కు పనిచేయదమ్మా" అంది ఆమె. వాసన పోయిన సంగతి, డాక్టరు మాట, ఓవెన్ కథ, అన్నీ నిలబడే చెప్పింది. చాలా రోజుల తర్వాత అంతసేపు మాట్లాడింది.

ఆ అమ్మాయి నల్లబడిన కేకు వైపు వంగింది. "పైన మాడిన చక్కెర వాసన. చేదుగా, కొంచెం తారులాగా. మధ్యలో మాత్రం వేడి పాల వాసన ఇంకా ఉందాంటీ. చివర్న నిమ్మ. నిమ్మ తొక్క వేశారా?"

ఆమె ఆ అమ్మాయి పక్కనే కేకు మీదికి వంగింది. "వేశాను" అంది.

"నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేసేదాన్ని. రోజుకు పాతిక సీసాలు వాసన చూసి రాయడమే పని. బురదా, బూజా, తుప్పా అని. కాన్పుతో మానేశాను" అంటూనే పాప ముక్కు తుడిచి, గది నాలుగు మూలలూ మళ్ళీ ఒకసారి చూసింది. "పొగ ఉంది, పాప ఉండకూడదిక్కడ. వస్తానాంటీ."

ఆమె మాడిన పైభాగం కోసేసి, మధ్య ముక్క తింటూ కూర్చుంది. వేడి పాలు, చివర్న నిమ్మ అని ఆ అమ్మాయి చెప్పిన వరసలోనే తలుచుకుంటూ తింది.

తర్వాతి ఆదివారం అదే కేకు చేసింది. చక్కగా వచ్చింది. ఎవరూ తలుపు కొట్టలేదు. ఆ పై ఆదివారం బాదం వేసి చేసింది. ఇంకా చక్కగా వచ్చింది. తలుపు దగ్గర చెవి పెట్టి వింటే మెట్ల మీద ఎవరో సంచి ఈడ్చిన చప్పుడు. బాగా వచ్చిన కేకు కోసం ఎవరు పరిగెత్తుకొస్తారు?

మూడో ఆదివారం గంట మోగింది. వినిపించింది. ఆమె లేవలేదు. అద్దం బల్ల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఓవెన్ గాజు వెనక గోధుమ రంగు ముదిరి నలుపు తిరిగింది. సన్నగా పొగ లేచింది. అప్పుడైనా లేవొచ్చు. లేవలేదు.

ఈసారి తలుపు ఇంకా గట్టిగా మోగింది. ఆ అమ్మాయి పాప ముఖానికి తడి తువ్వాలు చుట్టి ఎత్తుకుని ఉంది. తువ్వాలు కింద పాప దగ్గుతోంది. చిన్న దగ్గే. అది విన్నాక ఆమెకు అక్కడ నిలబడాలనిపించలేదు. తనే వెళ్ళి ప్లగ్గు పీకింది.

"ఆంటీ, ఏమీ అనుకోకండి" అంది ఆ అమ్మాయి. "మీకూ మాకూ మధ్య నాలుగడుగులే. మీకు గ్యాస్ లీకైనా తెలియదు. రాత్రుళ్ళు నిద్రలేచి మీ తలుపు కింద వాసన చూసి వెళుతున్నాను. మా ఆయన నవ్వుతాడు, నీకు పిచ్చి పట్టిందంటాడు."

"ఇక ఇలా జరగదమ్మా" అంది ఆమె. అంతకన్నా చెప్పాల్సింది ఉంది. చెప్పలేకపోయింది. ఈసారి కేకు వాసన ఎలా ఉందో ఆ అమ్మాయి చెప్పలేదు, ఆమె అడగనూ లేదు.

నాలుగు రోజులకు ఆ అమ్మాయి ఒక చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. ముఖం తేటగా ఉంది. "పొగ వచ్చినా, గ్యాస్ లీకైనా కూత పెడుతుందాంటీ. వీధి చివరిదాకా వినిపిస్తుంది. మీ ముక్కు చేసే పని ఇదే చేస్తుంది."

"ఎంతయింది?"

"ఊరుకోండి. ఇది నా నిద్ర కోసం."

కుర్చీ ఎక్కింది ఆమే. మరలు బిగించడం ఆమె పనే కదా. ఆ అమ్మాయి కింద నిలబడి ఒక్కొక్క మర అందించింది. "భలే నిలబడుతుందాంటీ మీ చేతిలో. మా ఆయన అయితే ఈపాటికి సగం కింద పారేసి వెతుక్కుంటూ ఉండేవాడు" అని నవ్వింది. ఆఖరి మరను ఆమె అవసరానికి మించి నెమ్మదిగా తిప్పింది. బిగిశాక, వదులుగా ఉందేమోనని ఇంకోసారి చూసింది. వదులు లేదు.

"ఇక నేను పరిగెత్తుకు రావక్కర్లేదు" అంది ఆ అమ్మాయి తృప్తిగా.

"అవును. అక్కర్లేదు."

ఆ ఆదివారం దాల్చినచెక్క వేసి చేసింది. గంట మోగగానే దించింది. పైకప్పుకు బిగించిన పెట్టె నోరు మెదపలేదు. కేకు అచ్చులోంచి విరగకుండా ఊడి వచ్చింది. ఇంతవరకూ చేసినవాటిలో ఇదే బాగుందని రంగు చూస్తేనే తెలిసింది. పళ్ళెంలో పెట్టుకుని, పైన గుడ్డ కూడా కప్పకుండా, ఎదురు తలుపు ముందుకు వెళ్ళి నిలబడింది.

కాగితం అలాగే ఉంది. పాప నిద్రపోతోంది. లోపల చప్పుడు లేదు. వేలితో మెల్లగా కొడితే? పాప లేస్తే? ఆ దగ్గు ఇంకా చెవిలో ఉంది. ఆవిరి పైకి లేస్తోంది. వాసన తలుపు కిందుగా లోపలికి వెళుతోందో, మెట్ల మీదుగా కిందికి పోతోందో, అసలు ఉందో లేదో ఆమెకు తెలిసే దారి లేదు. పళ్ళెం అడుగు చల్లబడేదాకా నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేసింది.

మర్నాడు పొద్దున దుకాణానికి బయల్దేరుతుంటే ఆ అమ్మాయి పాల ప్యాకెట్లకని తలుపు తీసింది. జుట్టు రేగి ఉంది.

"ఆంటీ, నిన్న ఏం చేశారు? దాల్చినచెక్కేనా?"

"వాసన వచ్చిందా?"

"వచ్చిందా ఏమిటి. తడి నేల మీద ఎండ పడితే వస్తుందే, అలాంటి వెచ్చటి వాసన. దాని మీద చెక్క ఘాటు. పాప నిద్రలో నోరు చప్పరించింది." అంటూనే గొంతు తగ్గించింది. "అప్పుడే తలుపు బయట ఎవరో నిలబడ్డట్టు కూడా అనిపించిందాంటీ. పాప నా మీద పడుకుంది. కదిలితే లేస్తుందని లేవలేదు. మీరేమైనా చూశారా ఎవర్నైనా? కాస్త భయమేసింది."

"ఇల్లు పొరపాటు పడి ఎవరైనా వచ్చి ఉంటారమ్మా" అంది ఆమె.

"అంతే అయ్యుంటుంది." ఆ అమ్మాయి ప్యాకెట్లు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఆమె కింది మలుపు దాకా దిగింది. అక్కడ ఆగి, చేతిసంచి భుజం మార్చుకుని, మళ్ళీ పైకి ఎక్కింది. తలుపు మూసి ఉంది. లోపల పాప ఏడుపు, దానిపైన కొళాయి చప్పుడు.

"అది నేనే" అంది తలుపుతో.

కొళాయి ఆగలేదు. ఆమె కాసేపు చూసి మెట్లు దిగింది. సాయంత్రం చెప్పొచ్చు. కేకు రేపటిదాకా నిలవుంటుంది.