పుష్పమ్మ ట్రాక్టరుకు మొలిచిన చెయ్యి

మా ఊరి నేల మీద మొట్టమొదటి ట్రాక్టరు తోలినవాణ్ణి నేను. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. తర్వాత ఆ బడికే రెండు గదులు దగ్గరుండి కట్టించాను. మంచినీళ్ల ట్యాంకుకు జాగా చూపింది నేను, టేపు పట్టి ముగ్గు పోయించింది నేను. రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను, రెండోసారి పోటీయే లేదు. ఇవన్నీ ఒక ఎత్తు. మా అక్క బిడ్డ పుష్పమ్మకు స్టీరింగు పట్టడం నేర్పించడం ఒక ఎత్తు. ఈ రాత దాని గురించే.

పుష్పమ్మది చండూరు అవతల మా ఊరే. చదివింది ఐదు. ఊళ్లోనే సాయిలుకిచ్చి పెళ్లి చేశాం. సాయిలు గొర్లు కాస్తాడు. నూట ఇరవై గొర్లలో ఏది దగ్గిందో అటు తిరిగి కూర్చునే చెప్పగలడు. ఇంజను చప్పుడు వింటే మాత్రం రెండడుగులు వెనక్కి వేస్తాడు. అందుకని ఇంట్లో మేత ఆయనది, డీజిలు ఆమెది.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు వాళ్లు నాలుగెకరాల నల్లరేగడిలో బత్తాయి పెట్టారు. చెట్ల నడుమ దున్నడానికి ఒక చిన్న ట్రాక్టరు కొన్నారు. ఇరవై నాలుగు హెచ్‌పీ, అప్పటికే ఒకరి చేతిలో పదిహేనేళ్లు నలిగి వచ్చింది. పుష్పమ్మకు అప్పుడు ముప్పై ఆరేళ్లు. నేను పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని నేర్పించాను. మూడో రోజే బండి ఆపి, "మామా, నువ్వు జర దిగు. నువ్వు పక్కనుంటే ఇది నా మాట ఇంటలేదు, నీ మాటే ఇంటాంది" అన్నది. దిగాను. నా కంటే చక్కగా తోలింది. శిష్యురాలు గురువును మించితే గురువుకే పేరు, నాకేం బాధ లేదు.

2022లో వానాకాలం ముసురు పట్టి వదల్లేదు. బత్తాయికి నీళ్లు కావాలి గాని నిలవ నీళ్లు పనికిరావు. సాళ్ల నడుమ తొమ్మిది రోజులు నీళ్లు నిలిచి, వేళ్లు కుళ్లి, ఇరవై మూడు చెట్లు పసుపు పచ్చబడి ఎండిపోయాయి. చేతికొచ్చిన చెట్లు. పుష్పమ్మ ఒక్కొక్క మొద్దు దగ్గర నిలబడి దాని మొదటి కాపు ఎప్పుడో చెప్పింది. మళ్లీ వానలొచ్చేలోగా ప్రతి రెండు సాళ్ల నడుమ కాలువ తీసి, నీళ్లను కిందుగా పారే ఒర్రెలో కలపాలి. లేకపోతే మిగిలిన తోట కూడా అదే దారి పడుతుంది. పెద్ద జేసీబీ వస్తే కొమ్మలు విరగకుండా తిరిగే జాగా లేదు. కూలివాళ్లు ఎండిన రేగడిలో గడ్డపార దిగదని చేతులెత్తేశారు.

"ట్రాక్టర్ ఎనక జేసీబీ లెక్క తవ్వుడు చెయ్యి బిగిద్దాం" అన్నది పుష్పమ్మ.

"గా డొక్కుకా? అమ్మేద్దాం" అన్నాడు సాయిలు. "ఇరవై గొర్లొస్తయి. గొర్రె చెడితే కూరైతది. ట్రాక్టర్ చెడితే ఏమైతది?"

"గొర్లతోని కాలువ తవ్విస్తవా? తవ్విస్తనను, గిప్పుడే అమ్ముత."

సాయిలు మందను చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

సంక్రాంతి దాటాక నేనూ పుష్పమ్మా బస్సెక్కి భువనగిరి పోయాం. అక్కడ దివాకర్ అనే ఆయన షెడ్డులో ఇలాంటి తవ్వుడు చేతులు చేస్తాడు. నాలుగు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. నా కన్ను చివరిదాని మీద పడింది. పదడుగుల చెయ్యి, రెండు మూరల వెడల్పు బకెట్టు, చూస్తేనే కడుపు నిండుతుంది.

"గిదే తీస్కో బిడ్డా. కొంటే గిసొంటిదే కొనాలె" అన్నాను.

పుష్పమ్మ కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసింది. ముందు రోజు చండూరులో పత్తి మిల్లు కాంట మీదికి ట్రాక్టరు ఎక్కించి తూకం వేయించిందట! నాకు కూడా చెప్పలేదు. తొమ్మిది వందల అరవై కిలోలు.

దివాకర్ ఆ చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అక్కా, అందరు ట్రాక్టర్ ఫోటో తెస్తరు, ముందట వాళ్లు నిలవడి దిగిన ఫోటో. తూకం చీటీ తెచ్చింది నువ్వే."

"గీ పెద్దది ఎన్ని కిలోలు?"

"ఐదు వందల ఎనభై."

"మామా, మేకపిల్ల నెత్తిన గడ్డివాము పెడ్తనంటవేంది?"

దివాకర్ నవ్వాడు. నేను నవ్వలేదు గాని, లెక్క సరిగ్గానే ఉందని ఒప్పుకున్నాను. చివరకు ఆరున్నర అడుగుల చెయ్యి, అడుగు బకెట్టు, రెండు వందల డెబ్బై కిలోలది తేలింది. బిగించడంలో మళ్లీ రెండు రకాలున్నాయి. ఒకటి, నాగలి తగిలించినట్టు మూడు పిన్నులతో లిఫ్టు చేతులకు తగిలించేది. పది నిమిషాల పని.

"అది అలకగైతది" అన్నాడు దివాకర్. "కాని గట్టి నేలను బకెట్ కొట్టినప్పుడు తిరుగు దెబ్బంత లిఫ్ట్ మీదనే పడ్తది. పాత బండి, ఎనక గేర్ల డబ్బా పగుల్తది. ఇంకోటి చట్రం. ఎనక ఇరుసు కాడికెళ్లి పొట్ట కింది నుంచి ముందటి దాకా పోతది. దెబ్బను బండంత పంచుకుంటది."

"చట్రమే కావాలె. చెయ్యిని లేపే నూనె దమ్ము సంగతేంది? మా లిఫ్ట్ ఒక బస్తా లేపాలంటెనే మూలుగుతది."

"గందుకే దీనికి సొంత పంపు, సొంత నూనె డబ్బా ఇస్తం. ఎనక తిరిగే పీటీవో కడ్డీకి తగిలిస్తే సాలు, మీ లిఫ్ట్‌తోని పనే లేదు. కాని చట్రం మీ బండి కొలతకు చెయ్యాలె. కొలతలు మీరే పంపుండ్రి."

కొలతలు అనగానే పుష్పమ్మ నా వైపు చూసింది. నీళ్ల ట్యాంకు కొలిచినవాణ్ణి, ట్రాక్టరెంత! మర్నాడే వెళ్లి కొలిచాను. ఇరుసు నేల నుంచి ఎంత ఎత్తు, పొట్ట కింద ఎంత ఖాళీ, బోల్టు నుంచి బోల్టుకు ఎంత దూరం, మొత్తం పదకొండు కొలతలు. ఒక్కొక్కటీ రెండుసార్లు తీసి, నా గుండ్రటి దస్తూరితో రాసి పంపాను.

దివాకర్ దగ్గర మాకంటే ముందు చాలామంది ఉన్నారు. చట్రం, చెయ్యి రోహిణి కార్తెలో గాని రాలేదు. తొలి వానల మిరుగుకు, అంటే మృగశిర కార్తెకు, పదిరోజులు కూడా లేవు. బిగించడానికి ఐలేశాన్ని పిలిచాం. ఆయన మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు ఫిట్టరుగా చేసి వచ్చి, ఊళ్లో వెల్డింగు షెడ్డు పెట్టుకున్నాడు. చట్రం బోల్టులు చేత్తో తిప్పితేనే దిగాయి.

"కాకా, కొలతంటే నీదే" అన్నాడు ఐలేశం. నేను మీసం దువ్వాను.

బోరు మోటార్లు పైకి లాగే మూడు కాళ్ల స్టాండు తెచ్చి, చైను పుల్లీతో తవ్వుడు చేతిని లేపి చట్రానికి తగిలించారు. పుష్పమ్మ బండి స్టార్టు చేసి పది గజాలు పోయింది. గెట్టు దాటుతుంటే వెనక కర్రుమని చప్పుడు. దిగి చూస్తే, జానెడెత్తున ఉండాల్సిన చేతి పీఠం ఐదంగుళాల ఎత్తున వేలాడుతోంది. తోటలో ఉన్న గెట్లన్నీ అది గీక్కుంటూ పోవాల్సిందే.

"దివాకర్ తప్పు జేసిండు" అన్నాను వెంటనే.

పుష్పమ్మ నా కాగితం తెచ్చుకుని, ట్రాక్టరు కింద వెల్లకిలా పడుకుని, టేపుతో మళ్లీ కొలిచింది. అందరం ఆమె కాళ్లనే చూస్తూ నిలబడ్డాం. ఉన్నట్టుండి టేపు చప్పుడు ఆగింది.

"మామా," కింది నుంచి గొంతు వచ్చింది, "నువ్వు కొలిసిన్నాడు బండి కాళ్లకు ఏం చెప్పులున్నయే?"

నాకు అప్పుడు గుర్తొచ్చింది. అది యాసంగి నాట్ల సమయం. బావి కింది ఎకరం మడిలో దమ్ము చేస్తున్నారు. బురదలో దిగబడకుండా, తూకం నుంచి వచ్చాక టైర్లు విప్పి ఇనుప పట్టీల దమ్ము చక్రాలు తొడిగి ఉంచారు. వాటి మీద బండి టైర్ల మీద కంటే నాలుగు అంగుళాలు ఎత్తున నిలబడుతుంది. నేను ఆ చక్రాల మీదే కొలిచాను. రెండుసార్లు.

సాయిలు పొట్ట పట్టుకుని కూలబడ్డాడు. "మామ ట్రాక్టర్‌కు ఎత్తు మడమల చెప్పులేసి కొలిసిండ్రో!"

ఊళ్లో ఇది ఇప్పటికీ చెప్పుకుంటారు. తప్పు నాదే, రాస్తున్నాను. అయితే కొలత మాత్రం తప్పు కాదు. ఆ చక్రాలకు అది అంగుళం తేడా లేని కొలత.

తిరిగి భువనగిరి పంపితే మిరుగు దాటిపోతుంది. పుష్పమ్మ ఐలేశం వైపు తిరిగింది. "చట్రానికి పట్టే గీ చేతి పలకలు రెండిటికి నాలుగంగుళాలు కింద కొత్తగ రంధ్రాలేస్తే చెయ్యి మీదికి లేస్తది గద?"

"లేస్తది వదినె. పలక దళసరిదే, ఓర్సుకుంటది. ఎనకంగ ఇంకో పలక కూడ అతికిస్త, ఫికర్ చెయ్యకు."

రంధ్రాలు పడ్డాయి, చెయ్యి లేచింది. ఇక ముందు వైపు రభస. ఎత్తు ఎక్కుతుంటే వెనక బరువుకు ముందు చక్రాలు గాల్లోకి లేస్తున్నాయి. మా దగ్గర ట్రాక్టరు ముందు లేస్తే చేసే పని ఒకటే, ఇద్దరు మనుషులు బంపరు మీదికెక్కి కూర్చోవడం. నేనే చెప్పాను. సాయిలు బంపరెక్కాడు. బండి కదిలిందో లేదో "ఓయమ్మో" అని గొర్రెపిల్లలా దూకి, చెట్టు చాటుకు పోయాడు.

"మనుషులను బరువు కట్టుకొని ఎన్ని దినాలు తవ్వుత?" అన్నది పుష్పమ్మ. "మీరు ఒక దావతుకు పోతే నా పని బందేనా? రాయి అయితే ఎటూ పోదు, బీడీ కూడ అడగదు."

కంచెకు పాతే రాతి కడీలు రెండు విరగ్గొట్టించి, ఐలేశం చేసిన ఇనుప తట్టలో పేర్చి బంపరుకు బిగించింది. చక్రాలు నేల మీద బుద్ధిగా కూర్చున్నాయి. ఆ సాయంత్రమే మొదటి సాలులో బకెట్టు దిగింది. ఆరు రోజుల్లో పద్నాలుగు కాలువలు. కొమ్మ ఒక్కటి విరగలేదు. నేను ప్రతి కాలువ లోతు టేపుతో చూశాను. రెండడుగులకు ఎక్కడా తక్కువ లేదు. ఈసారి టేపు ఎక్కడ పెట్టానో పుష్పమ్మ పక్కనుండి చూసింది.

మిరుగు నాడు మధ్యాహ్నం పడమట మబ్బు పట్టింది. కాలువలన్నీ కలిసే పెద్ద కాలువకు, ఒర్రెకు నడుమ ఇంకా ముప్పై అడుగుల గట్టు మిగిలే ఉంది. అది తెగకపోతే తవ్విందంతా నీళ్లు నిలిపే తొట్లే అవుతాయి. నాలుగింటికి వాన కొట్టింది. చూస్తుండగానే కాలువలు నిండుతున్నాయి. పుష్పమ్మ కొంగు నడుముకు దోపి బండెక్కింది. పది అడుగులు తవ్వింది. ఇరవై ఐదు తవ్వింది. అక్కడ, తవ్వేటప్పుడు బండిని ఆపి పట్టే రెండు పక్క కాళ్లు మెత్తబడిన రేగడిలో దిగబడ్డాయి. బకెట్టు లాగితే మట్టికి బదులు ట్రాక్టరే వెనక్కి జారుతోంది.

"కాళ్ల కింద ఏదన్న ఎయ్యుండ్రి!" అని అరిచింది. "పలకలు, తలుపులు, ఏదన్న!"

నేను ఐలేశం షెడ్డు వైపు పరుగెత్తాను. డెబ్బై రెండేళ్లవాణ్ణి, పరుగెత్తానంటే పరుగెత్తాను. నేను వెళ్లి వచ్చేసరికి సాయిలు గొర్ల దొడ్డికున్న కర్ర గేట్లు రెండూ పీకి భుజాన వేసుకొచ్చి, ఇంజను పక్కకే, ఆ చప్పుడులోకే వెళ్లి, కాళ్ల కింద తోస్తున్నాడు.

"కొట్టవే, నువ్వు కొట్టు!" అంటున్నాడు. "నేను పట్టుకున్న!"

గేట్లు పటపటమన్నాయి గాని నిలబడ్డాయి. బకెట్టు నాలుగుసార్లు దిగింది. ఐదోసారి గట్టు తెగి, బురద నీళ్లు ఒక్కసారి ఒర్రెలోకి దూకాయి. తోటలో సాళ్ల నడుమ నిలిచిన నీళ్లు పైనుంచి ఒక్కొక్క కాలువగా తగ్గుతూ వచ్చాయి. పుష్పమ్మ ఇంజను ఆపి, సీటు మీదే కూర్చుని, వానలో తడుస్తూ ఆ నీళ్ల చప్పుడు విన్నది.

కొంచెం సేపటికి ఆమె తలెత్తి తోట వైపు చూసింది.

"ఏమయ్యో, గేట్లు పీకినవు సరే. గొర్లేడున్నయే?"

నూట ఇరవై గొర్లు బత్తాయి తోటలో ఉన్నాయి. తడిసిన లేత చిగుళ్లు తింటున్నాయి.

ఆ ఏడు నిలవ నీళ్లకు ఒక్క చెట్టు కూడా పోలేదు. గొర్లు నోరు పెట్టినవి తొమ్మిది చెట్లు. అవి మళ్లీ చిగురించాయి. ఇది మా పుష్పమ్మ చేసిన పని. స్టీరింగు నేర్పింది నేను.