కిక్ సెట్టుతో వచ్చిన ఇంగ్లీషు కాగితం

నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ గన్నవరంలో మా మావయ్య షెడ్డు దగ్గరే గడిచేవి. మావయ్య మోటారు సైకిళ్ళు బాగుచేసేవాడు. ఆయన చదువు మూడో తరగతితో ఆగిపోయింది. నేను బెజవాడలో ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతి పూర్తి చేశాను. బండి తెచ్చిన ప్రతివాళ్ళతోనూ మావయ్య "మా మేనకోడలండీ, ఇంగ్లీషు గడగడా చదివేస్తది" అని చెప్పుకునేవాడు. చదవడం నిజమే కానీ నాకు అర్థమయ్యేది సగమే. ఆ సంగతి ఆయనకి చెప్పాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆ ఏడాది కాంపౌండరు గారి బండి షెడ్డుకొచ్చింది. చుట్టుపక్కల పల్లెలకి వెళ్ళి ఇంజెక్షన్లు చేసి వచ్చే ఆయనకి ఆ బండే ఆధారం. చాలా పాతది. కిక్ కొడితే లోపలి పళ్ళు పట్టకుండా జారిపోతున్నాయి. ఆ మోడల్ సామాను అప్పటికే దొరకడం లేదు. కొత్త మోడల్ కిక్ సెట్టు, అంటే రాడ్డూ లోపలి పళ్ళ చక్రాలూ కలిపి, దానికి పడుతుందని ఎవరో చెబితే, మావయ్య బెజవాడ వెళ్ళి కొనుక్కొచ్చాడు. డబ్బాలో చిన్న ఇంగ్లీషు కాగితం కూడా ఉంది. పాత బండికి బిగించేటప్పుడు ఏం చేయాలో అందులో రాసి ఉంది.

మావయ్య చేతులు తుడుచుకుని ఆ కాగితం నాకిచ్చాడు. బల్ల మీద ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్నారు. వేలు పెట్టి చూసుకుంటూ పైకి చదివాను. ఒకచోట వేలు ఆగిపోయింది. పాత వాషర్ గురించి అని తెలుస్తోంది, దాని ముందున్న 'డిస్కార్డ్' అనే మాట మాత్రం తెలియలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"పాత వాషర్ కూడా వెయ్యాలంట మావయ్యా," అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, తలూపి పనిలో పడ్డాడు.

సాయంత్రం కాంపౌండరు గారు వచ్చాక మావయ్య లుంగీ ఎగ్గట్టి కిక్ కొట్టాడు. ఇంజను వెంటనే అందుకుంది. కానీ కిక్ రాడ్డు లోపల బిగుసుకుపోయి ఉండడంతో, ఇంజనుతో పాటే గిర్రున తిరిగి ఆయన మోకాలి కింద కొట్టింది. మావయ్య కూలబడిపోయాడు. రక్తం పాదం దాకా కారింది. కాంపౌండరు గారే సంచీ తెరిచి కట్టు కట్టారు.

"కొత్త సామానుకి కాగితం ఇస్తారు కదయ్యా, చూసుకోలేదా?" అన్నారాయన.

"నేనే సరిగ్గా చూసుకోలేదండీ," అన్నాడు మావయ్య. నా వైపు తిరగనైనా లేదు.

ఆ పూట అన్నం సయించలేదు. ఎండదెబ్బ తగిలిందేమోనని అత్తయ్య మజ్జిగలో ఉప్పు కలిపి ఇచ్చింది. ఎండదెబ్బే అన్నట్టు ఆ మజ్జిగ తాగేశాను.

మర్నాడు మావయ్య కుంటుకుంటూ వచ్చి ఇంజను మళ్ళీ విప్పాడు. కట్టు మార్చడానికి వచ్చిన కాంపౌండరు గారి ముందు, నలుగురూ చూస్తుండగానే, కాగితం పెట్టాడు. "ఈ మాటేంటో నాకు తెలీదండీ. కాస్త చెప్తారా?" అని అడిగాడు. మావయ్య వేలు సరిగ్గా ముందురోజు నా వేలు ఆగిన చోటే ఉంది.

"తీసి పారెయ్యమని. కొత్త సెట్టులో దాని వాషర్ దానికుంది, పాతది కూడా ఉంటే రాడ్డు బిగుసుకుపోతుందంట," అన్నారు కాంపౌండరు గారు.

పాతది తీసేసి బిగించాక కాంపౌండరు గారు స్వయంగా కిక్ కొట్టి చూశారు. బండి స్టార్టయింది, రాడ్డు చక్కగా వెనక్కొచ్చింది. ఆయన పల్లెలకి బయల్దేరారు.

అందరూ వెళ్ళాక మావయ్య నన్ను దగ్గరికి పిలిచాడు. తిట్టబోతున్నాడనుకున్నాను. "నువ్వక్కడ ఆగడం చూశానమ్మా. తెలీదేమోనని అనుమానమొచ్చింది. నలుగుర్లో అడిగితే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను. అడగాల్సింది," అన్నాడు.

దెబ్బ తిన్న మనిషి తన తప్పే చెప్పుకుంటున్నాడు. అంతకంటే ఒక చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

తర్వాత చాలా ఏళ్ళు టీచరుగా పనిచేశాను. పిల్లలు అడిగినదానికి జవాబు రాకపోతే "నాకు తెలియదు, కనుక్కుని రేపు చెప్తాను" అనేదాన్ని. అది నా మంచి గుణమని మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఇప్పటికీ ఆ మాట అనే ముందు నాకు మావయ్య కాలి కట్టు గుర్తొస్తుందని వాళ్ళకి తెలియదు. ఎవరితోనైనా అనేస్తాను. మావయ్య బతికుండగా ఆయనతో మాత్రం అనలేకపోయాను.