నూరా మోకాలికి నేను వేసిన తేదీ

నవంబరు ఎనిమిదో తేదీ, శనివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు కువైట్ రుమైథియాలో మేముండే ఇంటి వెనక గేటు నుంచి నేనూ నూరా బయటపడ్డాం. సాయంత్రం నాలుగింటికి అదే గేటులోంచి లోపలికి వచ్చాం. మధ్యలోని ఎనిమిది గంటల యాభై నిమిషాల గురించి రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఈ దేశంలో పరాయి పిల్లల్ని పెంచుతున్న మన ఆడవాళ్ళలో ఎవరికైనా ఇలాంటి ప్రయాణం పడవచ్చు. పడితే నాలా చేయకూడదు.

నా పేరు సుబ్బమ్మ. ఊరు రాయచోటి పక్కన. వయసు అరవై ఆరు. పదో తరగతి ప్యాసయ్యాను. ఈ కువైటీ ఇంట్లో పనికి చేరి ఇరవై రెండేళ్ళు. నూరా ఈ ఇంటి చిన్న కూతురు. వయసు పదిహేడేళ్ళ నాలుగు నెలలు. పుట్టిన మూడో రోజు నుంచి నా చేతుల్లోనే పెరిగింది. నేను పనిగట్టుకుని నేర్పకపోయినా తెలుగు వచ్చేసింది, అదీ మా రాయచోటి తెలుగు. ఇంట్లో ఇంకొకరికి తెలియకూడని మాటలన్నీ మేమిద్దరం అందులోనే మాట్లాడుకుంటాం.

ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు చలికాలం సెలవులకు ఇంటిల్లిపాదీ లెబనాన్ కొండలకు పోయారు, నన్నూ తీసుకుపోయారు. అక్కడ కాళ్ళకు స్కీ పలకలు తగిలించుకుని మంచు మీద జారడం నేర్చింది. తర్వాత ప్రతి ఏడూ జార్జియా. రెండేళ్ళలో జారడం కాస్తా రేసు అయింది. కొండవాలు పొడుగునా గుంజలు నాటి ఉంటాయి. వాటి మధ్యగా మెలికలు తిరుగుతూ కిందికి రావాలి. ఎవరికి తక్కువ సెకన్లు పడితే వాళ్ళు గెలిచినట్టు. నేను కింద కంచె దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడి, బోర్డు మీద పడిన సమయాన్ని వందో వంతు సెకనుతో సహా నోటుబుక్కులో ఎక్కించేదాన్ని. ఆరు చలికాలాల్లో నలభై ఒక్క రేసులు. మొదటి ముగ్గురిలో నిలిచినవి పందొమ్మిది. పడిపోయినవి ఏడు.

ఏడోసారి పడినప్పుడు మెడ కింది ఎముక విరిగింది. అది ఈ ఏడాది ఫిబ్రవరి ఇరవై ఏడు. ఆరు వారాల్లో అతుక్కుంది గానీ బాబా, అంటే ఈ ఇంటి యజమాని, "చదువు ఎక్కడైనా చదువు, స్కీ మాత్రం ఖలాస్" అనేశాడు. నూరా తండ్రితో వాదించలేదు. చదువుతో పాటు స్కీ రేసు జట్టు కూడా ఉన్న కాలేజీలను వెతకడం మొదలుపెట్టింది. చివరికి కెనడాలో ఒకటి దొరికింది. బాబా మెచ్చే వ్యాపార చదువు ఉంది, కాలేజీ వెనకే కొండ ఉంది, ఆడపిల్లల జట్టులో ఒకే ఒక్క ఖాళీ ఉంది. ఆ జట్టు కోచ్ ఫర్వానియాలో ఒక హోటల్లో జరిగే విదేశీ కాలేజీల మేళాకు వస్తోందని తెలిసింది. మేళాకు పోవడానికి నూరా తల్లి, నేను మామా అని పిలిచే ఆమె, ఒప్పుకుంది. కోచ్ సంగతి ఆమెకు చెప్పలేదు. కారులో పోతే ఎవరి దగ్గర ఎంతసేపు కూర్చున్నామో డ్రైవరు ద్వారా బాబాకు చేరుతుంది. అందుకని బస్సు.

నూరా జన్మలో కువైట్ బస్సు ఎక్కలేదు. టికెట్టు మనిషికి మూడు వందల ఫిల్సు. చిల్లర దగ్గర పెట్టుకోవాలి. మొదటి మలుపులోనే ఆమె నా భుజం పట్టుకుంది.

"ఏందవ్వా ఈ కుదుపు! రేసులో కూడా నాకు ఇంత భయం కాలేదు."

"కొండ మీంచి దూకేదానివి, బస్సుకు భయపడతావా?"

"కొండ మీద బ్రేకు నా కాళ్ళల్లో ఉంటాది. దీని బ్రేకు ఆయప్ప కాళ్ళల్లో ఉండాది."

ఎదుటి సీట్లో టిఫిన్ క్యారియరు ఒళ్ళో పెట్టుకున్న మనిషి తలెత్తాడు. రాజంపేట నుంచి వచ్చి అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో పని చేస్తున్నాడట. "ఏమక్కా, అరబ్బు పాప మన మాట మాట్లాడుతాందే! యాడికి పోతాండారు?" అన్నాడు.

"పంటి డాక్టరు దగ్గరికి నాయనా" అన్నాను. నూరా నా డొక్కలో పొడిచింది.

మంచి పని మీద పోతూ యాడికో చెప్పుకోవడం మా రాయచోటి ఇంట్లో లేదు. బిడ్డ ఎర్రగా బుర్రగా ఉంటే బుగ్గన చుక్క పెడతాం. బాగా చదువుతోందా అని ఎవరైనా అడిగితే "ఏదో, పోతా ఉంది బడికి" అంటాం. ఉన్నది ఉన్నట్టు చెబితే దిష్టి తగులుతుంది. ఈ కట్టుబాటును నేను ఒక్కసారే తప్పాను. ఫిబ్రవరి ఇరవై ఆరున జార్జియా హోటల్లో ఇంకొక ఇంటి పనామెకు నూరా గెలిచిన రేసులన్నీ వరసగా చదివి వినిపించాను. మర్నాడే ఎముక విరిగింది. ఆ తర్వాత ఆమె వేగం గురించి బయటివాళ్ళ దగ్గర నోరు విప్పలేదు.

ఏడు గంటల యాభైకి హవల్లీలో దిగాం. రేసు ఫలితాల కాగితాలు ప్రింటు తీయించాలి, వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ప్రింట్ల షాపు ఎనిమిదింటికి తెరిచారు. కంప్యూటరు ముందున్న అబ్బాయిది అమలాపురం వైపు.

"ఆయ్, ఈ పాప మనోళ్ళమ్మాయేనాండీ మామ్మగారూ?"

"కాదు, కువైటీ."

"నేను రాయచోటి కువైటీని అన్నా" అంది నూరా.

"అయితే కారం గట్టిగానే ఉంటాదన్నమాటండి" అని నవ్వి, వీడియో ఒకటి పెట్టి చూశాడు. కళ్ళు పెద్దవి చేసి ఏదో అనబోతే నేను తెర మీద చెయ్యి అడ్డం పెట్టాను. "చూసింది చాల్లే, కానీ" అన్నాను. ఆ పక్క సందులో మన హోటల్లో ఇడ్లీ, కారప్పొడి తిన్నాం. శనివారం తొమ్మిది దాటితే అక్కడ బల్ల దొరకదు.

తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు ఇంకో బస్సు. అల్ రాయ్ మీదుగా పోతుంది. షోరూముల అద్దాలు, వాటి వెనక గోదాములు, లారీల వరస. అక్కడ ఇరవై నిమిషాలు ఆగిపోయాం. నూరా ఆ సేపంతా కోచ్‌తో ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంది.

"ఈ సీటు రాకుంటే ఏం చేస్తావు?" అని అడిగాను.

"ఇంకేం చేసేది? మిగతా జట్లన్నీ నిండిపోయినాయి. ఈ వయసులో ఒక ఏడు మంచు వదిలేస్తే మళ్ళా అందుకోలేనవ్వా. ఇంట్లో కూచుని మా నాన్న షాపు లెక్కలు చూడాల్సిందే."

పది గంటల ఇరవైకి హోటలు చేరాం. మేళాకు టికెట్టు లేదు. నూరా సివిల్ ఐడీ, నేను ఇక్కడ ఉండటానికిచ్చిన ఇఖామా కార్డు చూసి మెడలో వేసుకునే కార్డులిచ్చారు. కోచ్ బల్ల హాలు చివర ఉంది. నలభై ఐదేళ్ళ పొడుగాటి మనిషి, ఎండకు ముక్కు కమిలి ఉంది. పది గంటల యాభైకి మా వంతు వచ్చింది. ఆమె మూడు వీడియోలు చూసింది. మూడోది రెండుసార్లు చూసింది. కాగితాల మీద సమయాల కింద గీతలు గీసింది. ఫారంలో మెడ కింది ఎముక సంగతి నూరా దాచకుండా రాసింది. కోచ్ అది చూసి "మంచిది, నిజం రాశావు" అంది. నాకు ఆ ఇంగ్లీషు బాగా అర్థమైంది. ఇన్నేళ్ళలో ఆ మాత్రం వచ్చింది.

పదకొండు ముప్పై ఐదుకు మధ్యాహ్నం నమాజు వేళ అయింది. పై అంతస్తులో గది ఉందన్నారు. నూరా లేచింది.

"ఇప్పుడే వస్తా. నువ్వీడే కూచో అవ్వా. ఏమన్నా అడిగితే చెప్పు, నీకు తెలీనిది ఏముందిలే."

ఆమె పోయాక కోచ్ నా వైపు తిరిగింది. "మీరే పెంచారట. రేసులన్నీ చూశారట. మంచు మీద ఎలా ఉంటుంది?" అని నిదానంగా అడిగింది.

నా సంచిలో నోటుబుక్కు ఉంది. తీసి ముందు పెడితే సరిపోయేది. అప్పటికి మా వెనక ఐదారు కుటుంబాలు నిలబడి ఉన్నాయి. ల్యాప్‌టాప్‌లో నూరా వీడియో ఇంకా ఆడుతూనే ఉంది. చేతినిండా బంగారం వేసుకున్న ఒకావిడ నా భుజం మీంచి వంగి చూసి, "ఏం పిల్ల! ఏం వేగం!" అని అరబ్బీలో పైకే అంది. దిష్టి తగలకుండా ఇక్కడివాళ్ళు వెంట అనే మాషా అల్లా అనలేదు.

"ఏముందమ్మా, ఏదో జారుతుంది. పడుతూ ఉంటుంది" అన్నాను.

"పడితే దెబ్బలు తగిలాయా? ఎముక కాకుండా?"

"మోకాలు. ఎడమ మోకాలు బాగుండదు."

"ఎప్పటి నుంచి?"

అక్కడైనా ఆగవలసింది. "పోయిన ఏడాది సెప్టెంబరు పందొమ్మిది" అన్నాను. స్టోరుగది మెట్ల మీద నేను పడిన రోజు అది. దెబ్బ తిన్నది నా మోకాలు. తేదీ లేకుండా చెప్పి ఉంటే ముసలిదాని మాట అనుకుని వదిలేసేదేమో. అబద్ధానికి కూడా నేను తేదీ వేశాను. కోచ్ రాసుకుంది.

అంతా దిష్టి భయమేనా అని తర్వాత చాలాసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఈ పిల్ల కెనడా పోతే ఈ ఇంట్లో నాకేం పని ఉంటుందన్న ఆలోచన అంతకుముందు రాలేదని ప్రమాణం చేయలేను.

పదకొండు నలభై ఏడుకు నూరా వచ్చింది. కోచ్ ఫారం తిప్పి చూపించింది.

"మోకాలి సంగతి ఇందులో లేదే?"

"ఏ మోకాలు?" అని నూరా నా వైపు చూసింది. నేను నా చెప్పుల వైపు చూశాను. పది పన్నెండు సెకన్లు అలాగే ఉన్నాను. ఆమె రేసుల్లో అన్ని సెకన్లంటే మొదటి స్థానానికీ చివరి స్థానానికీ ఉన్న దూరం.

తర్వాత చెప్పాను. ఆమె మోకాలు నిక్షేపంగా ఉందని, చెడింది నాదని, బిడ్డను పొగిడితే కీడని మా నమ్మకమని, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నోటుబుక్కు తీసి ముందు పెట్టాను. కోచ్ ఓపికగా పేజీలు తిప్పింది. తెలుగు రాకపోయినా అంకెలు చదివింది. కోపం తెచ్చుకోలేదు.

"ఇంత ఖచ్చితంగా రాసే మనిషి ఇందాక తేదీతో సహా ఒక దెబ్బ గురించి చెప్పారు. ఇప్పుడు లేదంటున్నారు. నేను ఏది నమ్మాలి?" అంది. గాయం దాచి జట్టులో చేరిన ఒక అమ్మాయి మొదటి నెలలోనే కాలు పోగొట్టుకోబోయిందని చెప్పింది. మోకాలి స్కాను, దాని మీద డాక్టరు ఉత్తరం మంగళవారం లోపల పంపితే నూరానే తీసుకుంటానంది. లేకపోతే బుధవారం సీటు ఇంకొకరికి.

హాలు బయటికి వచ్చాక నూరా నన్ను గోడ పక్కకు లాగింది.

"ఎందుకట్ల చెప్పినావవ్వా?"

"ఆ బంగారమ్మ దిష్టి తగుల్తాదని..."

"ఆయమ్మ నన్నేం చేయలేదు. చేసింది నువ్వు."

హోటలు నుంచి పన్నెండు నిమిషాల నడకలో ఒక స్కానింగ్ సెంటరు ఉంది. అక్కడ కూర్చున్న కేరళ నర్సు సివిల్ ఐడీ చూసి తల అడ్డంగా ఊపింది. "పద్దెనిమిది నిండలేదు. తండ్రి వచ్చి సంతకం పెట్టాలి" అని హిందీలో చెప్పింది.

"నేనే పెంచాను ఈ పిల్లను. నా సంతకం తీసుకోమ్మా" అన్నాను.

"పెంచావు అమ్మా, కాదనను. కాగితంలో నీ పేరెక్కడుంది?"

ఒంటిగంటా పదికి నూరా అక్కడి మెట్ల మీద కూర్చుని బాబాకు ఫోను చేసింది. ఇక దాచి లాభం లేదంది. కెనడా సంగతి, కోచ్ సంగతి అన్నీ చెప్పి స్కానుకు సంతకం అడిగింది. ఫోను గొంతు నాకూ వినబడుతూనే ఉంది. మోకాలు అన్న మాట వినగానే ఆయన మిగతాది వినలేదు. "మెడ ఎముక అయింది, ఇప్పుడు మోకాలా! ఇన్నాళ్ళూ నా దగ్గర దాచారా? ఖలాస్, నూరా. ఖలాస్" అన్నాడు. నేను ఫోను అడిగి తీసుకుని "బాబా, అబద్ధమాడింది నేను" అన్నాను. "ఎప్పుడు ఆడావు సుబ్బా, అప్పుడా, ఇప్పుడా?" అని పెట్టేశాడు.

తిరుగు బస్సు రెండు గంటల పదిహేనుకు. ఈ దారిన పోయేవాళ్ళు మంచినీళ్ళు తీసుకెళ్ళండి. హవల్లీలో మళ్ళీ మారాలి, నీడ లేని చోట అరగంట నిలబడాలి. పిల్లల కాగితాల పని మీద పోతే అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దిష్టి తీయాలంటే ఇంటికొచ్చాక ఉప్పుతో తీసుకోవచ్చు. అది నేను ఆ బస్సులో కూర్చుని అనుకున్నాను, మూడు గంటలు ఆలస్యంగా.

బస్సు సగం ఖాళీగా ఉంది. నూరా నాకు రెండు వరసల ముందు కిటికీ దగ్గర కూర్చుంది. అల్ రాయ్ దాటాక నీళ్ళ సీసా పట్టుకుని పోయి, "తాగుతావా నాయనా, పొద్దున్నుంచి ఎండలో ఉన్నావు" అన్నాను.

"లా, షుక్రన్" అంది. అరబ్బీలో, వద్దు, కృతజ్ఞతలు అని. పదిహేడేళ్ళలో ఆమె నాకు కృతజ్ఞతలు చెప్పింది అదే మొదటిసారి. తన వీపు మీద సబ్బు రుద్దినందుకు గానీ, మంచులో ఐదు గంటలు నిలబడినందుకు గానీ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేని మనిషిగా ఉండేదాన్ని.

నాలుగింటికి గేటు తీశాం. మామా లోపల నిలబడి ఉంది. నూరా ఆమెను దాటుకుని పైకి పోయింది. నేను వంటింట్లోకి పోయాను.

ఇది డిసెంబరు ఒకటిన రాస్తున్నాను. పోయినవి ఇవి: కెనడా కాలేజీ జట్టులో ఒక సీటు, బుధవారం నవంబరు పన్నెండున ఇంకొక అమ్మాయికి ఇచ్చారు. అక్కడ చదివే నాలుగేళ్ళలో నూరా దిగవలసిన నాలుగు చలికాలాల రేసులు. స్కీ లేకున్నా ఈ ఏడాది సెలవులకు ఇంటిల్లిపాదీ పోవలసిన జార్జియా ప్రయాణం, టికెట్లు రద్దు చేశారు. నూరా నాతో మాట్లాడే తెలుగు, ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు.