మేరీరాణి అడిగిన సాయం

మేరీరాణి తెల్లవారకముందే చీపురు పట్టుకుని కలకత్తా కార్పొరేషన్ పనిలోకి దిగుతుంది. అత్త ముసలమ్మ కూడా ఒకప్పుడు అదే పని చేసింది. ఇప్పుడు పక్షవాతంతో మంచాన పడి పదకొండు నెలలైంది. మేరీరాణి ఇంటికొచ్చేసరికి ముసలమ్మ తడిసిన గుడ్డల్లోనే ఉంటుంది. భర్త సునీల్‌కుమార్ గార్డెన్ రీచ్ షిప్‌యార్డులో ఓడలకు రంగులు వేస్తాడు. వెళ్ళేముందు తల్లికి టీ తాగిస్తాడు, మిగతా దేనికీ చెయ్యి వెయ్యడు.

అయినవాళ్ళు లేరా అంటే, వాళ్ళుండే కార్పొరేషన్ క్వార్టర్ల నిండా వాళ్ళే. సునీల్ అక్క పుష్పరాణి ప్రతి ఆదివారం వచ్చి తల్లి తల నిమిరి, "అమ్మ సిక్కిపోనాది మేరీ, సరిగ్గా ఎట్టడం నేదేటి?" అని అడిగి వెళ్తుంది.

వానాకాలానికి మేరీరాణికి నిద్ర కరువైంది. చేతులు వణికేవి. ఒకరోజు చిన్న మాటకే కూతురి మీద చెయ్యి చేసుకుని, తర్వాత తలుపేసుకుని ఏడ్చింది. ఆసుపత్రికి వెళ్తే డాక్టరు బెంగాలీలో, "ఇంట్లో ఎవరెవరున్నారు దీదీ?" అని అడిగాడు.

"అందరూ ఉన్నారు."

"మంచిదేగా. మనసులో మాట వాళ్ళతో చెప్పుకోండి. కాస్త విశ్రాంతి తీసుకోండి."

బస్సులో ఆ మాటే తలుచుకుని పళ్ళు కొరుక్కుంది. ఎవరితో చెప్పుకోవాలి? ఎప్పుడు పడుకోవాలి?

చివరికి తన బాధ సునీల్‌కి చెప్పింది. అతను అక్కకి చెప్పాడు. పుష్పరాణి చర్చి సంఘంలో చెప్పింది. శనివారం సాయంత్రం ఏడుగురు ఆడవాళ్ళు మేరీరాణి కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చారు. అందరికీ ఆమే టీ పెట్టింది. ప్రార్థన మధ్యలో ముసలమ్మ మంచం నుంచి వాసన వచ్చింది. పుష్పరాణి ముక్కుకి పైట అడ్డం పెట్టుకుని, "మేరీ, అమ్మని సూడు" అంది.

మేరీరాణి కదల్లేదు.

"నానివాళ సూడను వదినా. ఇంతమందున్నారు, ఒక్కరు లెగండి. ఒక్కరు గుడ్డ మార్సండి. ఆ తరవాత నాకోసం ఎంతసేపైనా పార్థన సేసుకోండి."

ఎవరూ లేవలేదు. "ఇలాటి నోరున్న మనిసికి శాంతెలాగొత్తాది?" అంటూ పుష్పరాణి అందరినీ లేవదీసుకుని వెళ్ళిపోయింది. గుడ్డలు మేరీరాణే మార్చింది.

పక్క క్వార్టరు కామాక్షమ్మ ఇదంతా గోడ అవతల నుంచి వింది. ఆమె సంఘం మనిషి కాదు. ఎదురైతే తలూపడం తప్ప పెద్ద పరిచయమూ లేదు. మంగళవారం మధ్యాహ్నం వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మంగళారం, శుక్కురారం రెండేసి గంటలు నాను కూకుంటాను. నా మోకాళ్ళకి అంతకన్నా అవ్వదు. నువ్వెల్లి మా ఇంట్లో తొంగో."

"నీకెందుకు పిన్నీ ఈ కంపు?"

"మా అత్తకి నాలుగేళ్ళు నానొక్కదాన్నే సేసినాను. ఎల్లు."

మొదటిరోజు ఆ పరాయి మంచం మీద నిద్ర రాలేదు. శుక్రవారం మాత్రం నిద్ర పట్టింది.

సంగతి తెలిసి సునీల్ మండిపడ్డాడు. "బయటోళ్ళ సేత మా అమ్మ గుడ్డలు తీయింతావా?"

"అయితే నువ్వు తియ్యి."

అతను చొక్కా తగిలించుకుని బయటికి నడిచాడు.

పుష్పరాణి రావడం మానేసింది. మేరీరాణికి కోపమేమీ తగ్గలేదు, మిగతా ఐదు రోజులూ అలాగే ఉన్నాయి. చేతుల వణుకు మాత్రం తగ్గింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం ముసలమ్మ మళ్ళీ తడిసి ఉంది. సునీల్ పక్కనే ఫోను చూసుకుంటున్నాడు. మేరీరాణి బకెట్టు నింపి తెచ్చి అతని ముందు పెట్టి, గుమ్మంలో కూర్చుంది. ముసలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చాలాసేపటికి సునీల్ గొణుక్కుంటూ లేచి బకెట్టు అందుకున్నాడు.