కౌంటరు అద్దం తీసేశాక

నీళ్ల ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే గుమస్తాని అందరూ చిటపటలాయన అనేవారు. నోరు తెరిస్తే కసురుకోవడమే. ఇంట్లోనూ అదే వరస. "నాకు చెవుడు లేదండీ, కాస్త మెల్లగా చెప్పండి" అనేది భార్య.

పెళ్లినాటికి ఆయన మహా మెతక మనిషి. ఆ కౌంటర్లో కూర్చున్నాకే మారాడు. ఆయనకూ జనానికీ మధ్య దళసరి అద్దం, దానికి బల్ల మట్టాన అరచెయ్యి పట్టేంత కంత. వచ్చినవాళ్లు నడుం వంచి, మెడ తిప్పి, ఆ కంతలోంచి అరవాలి. ఆయనకు కనిపించేది ఒక చెవో, సగం గడ్డమో. లోకంలో ఎవరికీ మర్యాద తెలియదని ఆయన గట్టి నమ్మకం.

ఒక వానాకాలం అద్దం చట్రం నాని ఉబ్బిపోయింది. కొత్తది చేసి తెస్తానని వడ్రంగి మొత్తం ఊడదీసుకుపోయాడు.

మర్నాడు ఒక ముసలామె వచ్చి, అలవాటుకొద్దీ వంగింది. అద్దం లేదని తెలిసి తలెత్తింది.

"మా వీధి కుళాయికి నీళ్లు రావట్లేదు నాయనా" అంది మామూలు గొంతుతో.

కసురుదామనే నోరు తెరిచాడు. ఎదురుగా ఆమె మొహం, అలసిన కళ్లు. మాట దానంతటదే మెత్తబడింది.

"ఎప్పట్నించమ్మా? నిలబడ్డారేం, ఆ కుర్చీ లాక్కుని కూర్చోండి."

"మన చిటపటలాయనేనా ఈయన?" అన్నారెవరో వరసలో. ఆయనకు నవ్వాగలేదు.

వడ్రంగి కొత్త చట్రం తెచ్చేసరికి గుమస్తా అధికారి గదిలో ఉన్నాడు.

"అద్దం వద్దు సార్."

"జనం మీద పడితే?"

"అద్దం ఉన్నప్పుడే సార్, మీద పడేంత కోపంగా ఉండేవాళ్లు."

"సరే, గొడవైతే మాత్రం నా దగ్గరికి రాకు" అన్నాడు అధికారి.

గొడవలు లేకపోలేదు. ఒకాయన బల్ల గుద్దాడు, గుమస్తా కూడా గొంతు పెంచాడు. కానీ అంత దగ్గరగా మొహాలు చూసుకుంటూ ఎక్కువసేపు అరుచుకోవడం ఇద్దరివల్లా కాలేదు.

ఇప్పుడాయన ఇంటికి రాగానే కబుర్లు మొదలుపెడతాడు. ఆవేళ ఎవరొచ్చారు, ఏ వీధిలో గొట్టం పగిలింది, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. భార్య కూరగాయలు తరుగుతూ వింటుంది.

"ఊరి గొట్టాల సంగతి సరే, మన వంటింటి కుళాయి కారుతోంది. ఆ ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు?" అంది ఒకనాడు.

ఆయన నవ్వుతూ లేచి, పానా వెతకడానికి వెళ్లాడు.