మూడో రీలు, నాలుగో రీలు

అప్పటికి పదకొండేళ్లుగా నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో ఉన్నాను. కాలువ గండ్లు, లారీ ప్రమాదాలు, సన్మాన సభలు. తలెత్తితే ఎదురుగా కిటికీ లేని గోడ. తొంభైల మధ్యలో రాజమండ్రిలో ఫిలిం సొసైటీ మొదలైంది. యుద్ధం తర్వాత యూరప్‌లో తీసిన సినిమాలు పుణె నుంచి రేకు డబ్బాల్లో రైలెక్కి వచ్చేవి. వాటి మీద నాలుగు వ్యాసాలు రాయమన్నారు మా ఇన్‌ఛార్జి గారు. బాగుంటే ఆదివారం అనుబంధానికి మారుస్తామన్నారు. ఆ గదిలోంచి బయటపడడానికి నాకు వేరే దారి లేదు.

నాలుగో సినిమా తూర్పు యూరప్‌ది. చేయని నేరానికి జైలుపాలైన ఒక కార్మికుడి కథ. దేశాన్నేలే నాయకుడు చనిపోయాక అతణ్ణి వదిలేస్తారు. వీధిలోకి నడుస్తాడు. తెర మీద ఏవో అక్షరాలు పడ్డాయి. అవి చదవగలిగినవాళ్లు హాల్లో లేరు. ఆ వెంటనే అతను మళ్లీ అదే జైలు కొట్లో, అదే అధికారి ముందు కూర్చుని ఉన్నాడు. సినిమా అక్కడితో ఆగింది. విదేశీ సినిమా అలాగే ఉంటుందని మా నమ్మకం. అర్థం కాలేదనడానికి అందరికీ మొహమాటమే.

'ఆ రాజ్యంలో విడుదల కూడా ఖైదీకి వచ్చే కలే' అని రాశాను. సోమవారం అచ్చయింది. పొద్దున్నే ఇన్‌ఛార్జి గారు ఫోన్ చేశారు.

"రాజకీయం కూడా బాగా పట్టారండీ. ఒకటో తారీఖు నుంచి ఆదివారం పేజీ మీదే."

కాలేజీ హాల్లో మాకు సినిమాలు వేసే థియేటర్ ఆపరేటర్ మధ్యాహ్నం కబురు చేస్తే అక్కడికి వెళ్లాను.

"మీరు రాసింది చదివానండి. చాలా బాగుంది. కాకపోతే మూడో రీలు, నాలుగో రీలు అటూ ఇటూ వేసేశానండి నేను."

డబ్బాల మీది అంకెలు చూశాను.

"డబ్బాలు సర్దుతుంటే చూసుకున్నాను. అయినా ఒక్కరూ అరవలేదేంటండీ? మా థియేటర్లో అయితే కుర్చీలు విరిగిపోయేవి."

కిటికీలు మూసి, నా ఒక్కడికే నాలుగో రీలు వేశాడు. మంచు కురుస్తున్న వీధి. ఆ మనిషి నడుస్తున్నాడు. భార్య ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. మళ్లీ ఆ అక్షరాలు. అవి 'సమాప్తం' అన్నమాట.

"సవరణ వేస్తారాండి?"

"చూద్దాం" అన్నాను.

సన్మానం పొందినవారి ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పు పడినా మర్నాడే సవరణ వేసేవాణ్ణి. దీనికి వేయలేదు. ఆదివారం అనుబంధం గదికి పెద్ద కిటికీ ఉంది. దాని పక్కనే కూర్చుని చాలా ఏళ్లు రాశాను.

మొన్నామధ్య దేవీచౌక్‌లో ఒక పెద్దాయన నన్ను ఆపారు. "ఆ ఖైదీ మళ్లీ కొట్లోకే పోతాడని రాశారు చూడండి, అది నేనింకా మరిచిపోలేదండి" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. తలూపాను. ఆయన చెయ్యి వదల్లేదు.