కాలవ కట్టేసిన నెలలో అద్దకం

1961 మే నెలలో బందరులో అద్దకం పని మానేసి గుడివాడ వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాను. అక్కడ కొత్తగా పెట్టిన కార్ఖానాలో రోజుకు రూపాయిన్నర ఇస్తామన్నారు. ఇక్కడ నాకు రూపాయి. నా పక్కబల్ల మీద అచ్చు వేసే వదిన కూడా వస్తానంది. ఆవిడ నాకు చుట్టం కాదు, పక్కబల్ల కాబట్టి వదిన.

యజమానిని అందరం మావయ్యగారనే వాళ్ళం. ప్రేమ గల మనిషే కాని చాదస్తం ఎక్కువ. అచ్చు కాస్త పక్కకు జరిగితే గుడ్డ వెలుగులో పట్టుకుని, "ఏవమ్మాయ్, ఈ పువ్వుకు మెడ పట్టేసిందా?" అనేవారు.

మేం పువ్వులు అచ్చువేసేది పటిక కలిపిన జిగురుతో. అప్పటికి ఎరుపు కనబడదు. గుడ్డను కాలవలో జాడించి, ఎక్కువైన పటిక పోయాక రంగు చెక్కతో ఉడకబెడితే పటిక పట్టిన చోట తేలుతుంది. నీళ్ళు పారుతూ ఉండాలి, లేకపోతే వదిలిన పటిక మళ్ళీ గుడ్డకే పడుతుంది. అందుకే వేసవిలో కాలవ కట్టేసినప్పుడు అచ్చువేసిన గుడ్డలు దొంతర్లు పెట్టి నీళ్ళ కోసం కాచుకునేవాళ్ళం.

ఆ ఏడు మద్రాసు వర్తకుడు దుప్పట్లకు తొందరపెట్టాడు. మావయ్యగారు చెరువులో జాడించమన్నారు.

"వద్దండీ, ఎరుపు పాకుతుంది," అన్నాడు జాడించే అతను. నిరుడే పెళ్ళయిన కుర్రాడు.

"నేను చెప్తున్నానుగా, కానియ్."

ఉడకబెట్టి తీస్తే పువ్వుల చుట్టూ తెల్లగా ఉండాల్సిన చోటంతా ఎర్రబడింది. "పువ్వులన్నీ కిళ్ళీ వేసుకున్నాయే," అంది వదిన నా చెవిలో. నాకు నవ్వు రాలేదు. వర్తకుడు వచ్చి ఒక దుప్పటి విప్పి చూశాడు.

"ఎవడండీ దీన్ని జాడించింది? ముందు వాణ్ణి పంపించెయ్యండి."

జాడించే అతను గుమ్మం దగ్గరే ఉన్నాడు. మేమందరం అచ్చులు పక్కన పెట్టి మావయ్యగారి మొహం చూశాం.

"అతను వద్దన్నాడండీ. కానియ్ అన్నది నేను. నన్ను పంపించాలంటే మాత్రం మా ఆవిణ్ణి అడగాలి."

వర్తకుడు నవ్వలేదు. కాలవ వదిలాక కొత్తవి ఇస్తే చూద్దామని వెళ్ళిపోయాడు. మావయ్యగారు జాడించే అతని వైపు తిరిగారు. "ఈసారి నేనలా అంటే గట్టిగా అరువు. మెత్తగా చెప్తే నాకెక్కదు."

జూన్ ఒకటిన గుడివాడ కార్ఖానా ఆయన వచ్చాడు. "ఏమ్మా, బయల్దేరుతున్నారా?"

వదిన నా వైపు చూసింది. ఆయన దగ్గర తప్పు జరిగితే ఎవరి మీదికి వస్తుందో అడుగుదామనుకున్నాను. ఎలా అడగాలో తెలియలేదు.

"రామండీ," అన్నాను.

"అర్ధరూపాయి ఎక్కువిస్తున్నాం కదమ్మా, లెక్క వేసుకోలేదా?"

"వేసుకున్నామండీ. ఆదివారాలు తీసేస్తే నెలకు పదమూడు రూపాయలు."

"మరింకేం?"

"మద్రాసు దుప్పట్లు కొత్త గుడ్డ మీద మళ్ళీ అచ్చువెయ్యాలండీ," అంది వదిన, "నీళ్ళు వదిలేలోగా."